చెత్త వేరుచేసే ఆటలు చిన్నపిల్లలకి నిజంగా ఏమైనా నేర్పుతున్నాయా?

చిన్నోడి_అమ్మ:
మా వాడికి నాలుగున్నరేళ్లు. ప్లేస్కూల్లో చెత్త వేరుచేసే ఆట ఒకటి ఆడిస్తున్నారు, నాలుగు రంగుల డబ్బాలు పెట్టి బొమ్మల కార్డులిస్తారు, ఏ కార్డు ఏ డబ్బాలోదో కరెక్ట్‌గా వేస్తే ఒక స్టార్. వాడికి పిచ్చి ఇష్టం అయిపోయింది, ఇంట్లో కూడా అదే ఆట. బానే ఉందిలే అనుకున్నా. నిన్న చూస్తే డ్రాయింగ్ పుస్తకంలోంచి తెల్లకాగితాలు ఒక్కొక్కటీ చింపి నలిపి డబ్బాలో వేస్తున్నాడు. ఏంట్రా ఇది అంటే "చెత్త అయిపోయిందమ్మా, ఇంకా స్టార్లు కావాలి కదా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇంట్లో చెత్త లేకపోతే వాడికి నష్టం అన్నమాట! ఈ ఆటల వల్ల ఉపయోగం ఉందంటారా, లేక ఈ వయసులో ఇవన్నీ వదిలేయడమే మంచిదా?

పాతకాగితం:
మీ వాడిని ఏమనకండి, రూల్ ప్రకారం వాడే కరెక్టు. ఎక్కువ చెత్తకి ఎక్కువ స్టార్లు అని పెట్టింది పెద్దవాళ్లు. తగ్గించు, మళ్లీ వాడు, ఆ తర్వాతే రీసైకిల్, ఈ వరస ఊరికే పెట్టలేదు. కానీ మొదటి రెండిటినీ డబ్బాల ఆటగా చేయడం కష్టం కాబట్టి అందరూ మూడోదాంతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. సరైన డబ్బాలో వేస్తే చాలు పని అయిపోయింది, అది మాయమైపోయింది, మళ్లీ కొత్తదై వస్తుంది... పిల్లలకి ఎక్కేది ఇదే. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమే అని 2017లో శాస్త్రవేత్తలు లెక్కేశారు. మిగతాది తగలబెట్టారు, లేదంటే ఎక్కడో పడి ఉంది. మనం పిల్లలకి చెప్పేది అందమైన అబద్ధం.

సుద్దముక్క:
చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, అందుకని కొంచెం ఒప్పుకోలేకపోతున్నా. మీరు 9 శాతం లెక్కలు నాలుగేళ్ల పిల్లాడి ముందు పెడుతున్నారు బ్రదర్. వాడికి వేరుచేయడం అనేదే పెద్ద పని. ఒక వస్తువుకి రంగు ఉంటుంది, ఆకారం ఉంటుంది, అది దేంతో చేశారు అనేది ఉంటుంది, మిగతావి పక్కన పెట్టి ఒక్కదాన్నే పట్టుకుని జతచేయాలి. రెండు నుంచి ఏడేళ్ల లోపు పిల్లల చూపు కొట్టొచ్చినట్టు కనబడే ఒక్క లక్షణం మీదే అతుక్కుపోతుందని పిల్లల మనస్తత్వం మీద పరిశోధన చేసిన పియాజే ఎప్పుడో చెప్పాడు. అందుకే ఎర్ర మూత ఇస్తే ఎర్ర డబ్బాలో వేసేస్తారు, అందులో ఏం వేయాలో వాళ్లకి అనవసరం.

ఆట తప్పు కాదు, కార్డులు తప్పు. కార్డు మీద గాజు సీసా, ప్లాస్టిక్ సీసా ఒకేలా ఉంటాయి, పెద్దవాళ్లకే తెలీదు. అదే చేతికివ్వండి, గాజు చల్లగా బరువుగా ఉంటుంది, స్పూన్‌తో కొడితే టంగుమంటుంది, ప్లాస్టిక్ డొప్పుమంటుంది, అట్టపెట్టె అసలు మోగదు. కళ్లు మూసుకుని ఏంటో చెప్పమనండి. రంగు మీద ధ్యాస ఆటోమేటిక్‌గా పోతుంది. ఇంకోటి, డబ్బాల రంగులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, రేపు ఇంకో ఊరు వెళ్తే నేర్చుకున్నదంతా వేస్టే. ఇది గాజు అని తెలిసినవాడికి ఏ రంగైనా ఒకటే.

రెండోషిఫ్ట్_నాన్న:
టీచర్ గారూ ఐడియా బాగుంది గానీ చేతికిచ్చే ముందు కాస్త చూసుకోండి. టిన్ను మూతల అంచులు బ్లేడులా ఉంటాయి. మూడేళ్ల లోపు వాళ్లుంటే చిన్న మూతలు వద్దు, దాదాపు 3 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే ఏ వస్తువైనా గొంతుకి అడ్డం పడే సైజే. గుండీ బ్యాటరీలైతే ఆటలోకే రానివ్వకండి, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది, రేపు చూద్దాంలే అనే కేసు కాదు. చెత్త ఆట అనగానే పాత రిమోట్లు, పాత బొమ్మలు కూడా పిల్లల ముందు పోసేస్తారు కొంతమంది, అందుకని చెప్తున్నా.

పాతకాగితం:
అయినా ఒకటి అడుగుతా. మూడు బాణాల గుర్తు చూడగానే "ఇది రీసైకిల్" అని పిల్లలతో అరిపిస్తారు కదా. ఆ గుర్తు 1970లో గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ల స్టూడెంట్ ఒక పోటీ కోసం గీసింది. తర్వాత 1988లో ప్లాస్టిక్ పరిశ్రమవాళ్లు అలాంటి బాణాల మధ్యలోనే 1 నుంచి 7 దాకా నంబర్లు పెట్టారు. ఆ నంబరు ఏ రకం ప్లాస్టికో చెప్తుంది అంతే, తీసుకుని కరిగిస్తాం అని మాట ఇచ్చినట్టు కాదు. ఆ తేడా పెద్దవాళ్లకే తెలీదు, పిల్లలకేం నేర్పుతారు?

సుద్దముక్క:
గుర్తు నేర్పమని నేనన్నానా ఎక్కడైనా? అసలు ప్లాస్టిక్ ఒక్కటే చెత్తా ఏంటి? అల్యూమినియం డబ్బా కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో 95 శాతం దాకా మిగులుతుంది. గాజు ఎన్నిసార్లు కరిగించినా గాజే. మీరు ప్లాస్టిక్ లెక్క పట్టుకుని మొత్తం అబద్ధం అంటే ఎట్లా.

పాతకాగితం:
సరే, మొత్తం అన్నది వెనక్కి తీసుకుంటా. ప్లాస్టిక్ సంగతి మాత్రం తీసుకోను.

గోడమీదపిల్లి:
నాకు ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది (పేరుకి తగ్గట్టు). నా కోపం వేరే దాని మీద, చెత్తతో క్రాఫ్ట్ అంటారే, అది. ఖాళీ సీసా ఒకటి కావాలని కూల్‌డ్రింక్ కొనుక్కొచ్చి సింకులో పారబోసినవాళ్లని చూశా. దానికి గమ్, టేపు, పెయింటు, పైన గ్లిట్టర్. గ్లిట్టర్ అంటే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలే కదా, యూరోపియన్ యూనియన్‌లో విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకం 2023లో ఆపేశారు కూడా. అంతకుముందు ఆ సీసా కనీసం రీసైకిల్‌కి వెళ్లేది, ఇప్పుడు ఎవరూ తీసుకోరు. వారం షోకేసులో ఉండి తర్వాత చెత్తలోకే.

ఇంకో విషయం, భయపెట్టి చెప్పడం. మా పాపకి ఎవరో తాబేలు ముక్కులో స్ట్రా ఇరుక్కున్న వీడియో చూపించారు, మూడు రోజులు రాత్రిళ్లు లేచి ఏడ్చింది. అయిదేళ్ల పిల్ల దాన్నేం చేస్తుంది చెప్పండి, ఆ స్ట్రా వేసింది అదా? దానికంటే స్టార్ల ఆటే వెయ్యిరెట్లు నయం.

మట్టివేళ్లు:
డబ్బాలు, కార్డులు అన్నీ పక్కన పెట్టి ఒక కుండీ తెచ్చుకోండి. తడిమట్టి పోసి పండు తొక్క, కాగితం ముక్క, ఎండాకు, ప్లాస్టిక్ మూత పాతిపెట్టించండి, ఏది ఎక్కడుందో పుల్లలు గుచ్చి గుర్తు పెట్టమనండి. మట్టి ఎండిపోకుండా చూసుకుని నెలా రెండు నెలలయ్యాక తవ్వించండి. తొక్క కనపడదు, కాగితం పీచుపీచుగా అవుతుంది, మూత కడిగితే కొత్తదిలా ఉంటుంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మా అన్నయ్య కొడుకు ఆ మూతని మళ్లీ పాతాడు, "దీనికి కుళ్లడం ఇంకా తెలీలేదు" అని.

చిన్నోడి_అమ్మ గారూ, చింపిన కాగితాలు పారేశారా? ఉంటే నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిసికించండి, జాలీ మీద పలచగా పరిచి నీళ్లు పిండి ఆరబెట్టండి. రోజో రెండ్రోజులో పడుతుంది. గరుగ్గా, వంకరగా ఒక్క కాగితం వస్తుంది. పది తెల్లకాగితాలు చింపితే చివరికి వచ్చేది ఇదీ అని వాడి చేతికే తెలుస్తుంది. ఫ్యాక్టరీలో అయినా కాగితం పీచు ప్రతిసారీ పొట్టిగా అవుతుంది, అయిదారుసార్లు దాటితే పనికిరాదు.

చిన్నోడి_అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ, పది రోజులయ్యింది కాబట్టి జరిగింది చెప్తా. ముందు తెలివిగా స్టార్ రూల్ తిప్పేశా, డబ్బా ఖాళీగా ఉంటేనే స్టార్ అని. రెండో రోజుకే సోఫా కింద చెత్త దొరికింది, దాచేస్తున్నాడు. స్టార్లే తీసేశా ఇంక. రెండు రోజులు అలిగాడు.

కాగితం చేశాం, బల్లంతా నీళ్లు, వచ్చింది అరచేయంత ముక్క. దానిమీద స్కెచ్ పెన్ గీస్తే ఇంకు పాకిపోయింది అని ఏడుపు. కానీ డ్రాయింగ్ పుస్తకం మళ్లీ చింపలేదు, ఎందుకో నేను అడగలేదు. స్పూన్ ఆట మాత్రం హిట్టు, ఇంట్లో ప్రతిదాన్నీ కొడుతున్నాడు, టీవీతో సహా, దానికి టీచర్ గారిదే బాధ్యత.

కుండీ కూడా పెట్టాం. నెల ఆగడం మావల్ల కాదు, రోజూ పొద్దున్నే తవ్వి చూసి మళ్లీ పూడ్చేస్తున్నాడు. వాడంతట వాడే కొత్తవి కూడా పాతుతున్నాడు. మా ఆయన సాక్స్ ఒకటి రెండ్రోజుల్నించి కనపట్లేదు.

మట్టివేళ్లు:
కాటన్‌దా, నైలాన్‌దా? కాటన్ అయితే ఇవాళే తవ్వండి. నైలాన్ అయితే తొందరేం లేదు, ఎప్పుడు తవ్వినా ఉంటుంది.