సమస్యాపూరణం: పచ్చనైన పండు పండు గాదు

నిర్వాహకుడు:
నిన్న సాయంత్రం సూపర్ మార్కెట్‌కి వెళ్తే పండ్ల దగ్గర మామిడి కనిపించింది. ఇంకా శివరాత్రి కూడా రాలేదు! రంగు మాత్రం పసుపు ముద్దలా ఉంది. పక్కనున్న పెద్దావిడ ఒక కాయ తీసుకుని, తొడిమ దగ్గర వాసన చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసి "ఇది పండు కాదు నాయనా" అంది. ఇల్లు చేరేలోపు ఆ మాట పాదమై కూర్చుంది. అందుకోండి, ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం కట్టండి.

పచ్చనైన పండు పండు గాదు

పసుపు పచ్చో, ఆకు పచ్చో మీ ఇష్టం.

ఆవకాయ:
మాఘమాసమందు మామిడి వచ్చెనా
పొడిని పెట్టి రంగు పూసినారు
ముక్కు దగ్గరుంచి మూర్కొని చూడుము
పచ్చనైన పండు పండు గాదు

ఓరుగల్లు:
"మూర్కొని" (వాసన చూసి) చక్కగా పడిందమ్మా, ఆ పెద్దావిడ పద్యంలోకి వచ్చేసింది. "పూసినారు" దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. కాయలు మగ్గడానికి పెట్టే కాల్షియం కార్బైడ్ పొట్లం రంగు పూయదు. తేమ తగిలితే ఎసిటలీన్ వాయువు వస్తుంది, దానికి తొక్క పసుపుపచ్చగా మారుతుంది, లోపల గుజ్జు పుల్లగానే ఉండిపోతుంది. కార్బైడ్ మీద నిషేధం ఉంది. ఇథిలీన్ వాయువుతో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాకా మగ్గపెట్టుకోవచ్చు. మందు పెట్టిన ప్రతి కాయనూ ఒకే గాటన కట్టకూడదు.

ఆవకాయ:
పూయడమంటే పైపైన రంగు తేవడం అనే అర్థంలోనే రాశాను మాస్టారూ. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) కోసం తెచ్చిన మాట కాదది.

తుమ్మెద:
పుచ్చ పండియున్నఁ బుచ్చకాయే గదా
జామ తీపిదైన జామకాయె
పేరు పెట్టినట్టి పెద్దల నడుగుడు
పచ్చనైన పండు పండు గాదు

నిర్వాహకుడు:
ఇది కదా పూరణ! పాదంలో ఒక్క అక్షరం కదపకుండా రెండో "పండు"ను పేరుగా మార్చేశారు. ఎర్రగా పండిన పుచ్చని కూడా మనం కాయే అంటాం. ఇన్నేళ్ళుగా కొంటున్నాను, ఈ సంగతి తట్టనే లేదు.

ఓరుగల్లు:
బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మా వైపు జాంపండు అంటాం, జామకాయ అంటే పచ్చిది. రెండో పాదం కృష్ణ దాటితే నిలవదు. ఇంకో మాట. సంక్రాంతికి రేగుపండ్ల సమస్య ఇచ్చినప్పుడు తుమ్మెద గారు "అని యెవ్వరనిరి" (అలా ఎవరన్నారు?) అని తగిలించి దాటేశారు. ఈసారి దాటకుండా ఎదురు నిలిచారు, అందుకు సంతోషం.

తుమ్మెద:
ఆ పద్యం ఇంకా మరిచిపోలేదన్నమాట! అక్కడ భోగిపళ్ళు పోసేది పిల్లల తల మీదే తప్ప పెద్దల మీద కాదన్న వాదన ఉంది, అందుకే ఆ ప్రశ్న వేశాను. మీరు గంగరేగు (పెద్ద రేగుపండు) గురించి రాసిన పద్యంలో వాదన ఉందా, వర్ణనే కదా?

నిర్వాహకుడు:
రేగుపండ్లు అయిపోయాయి, ఇప్పటి పండ్లకి రండి.

గట్టుమీదిగాలి:
సపోట గీరి చూడు చక్కఁగ గోటితో
లోనఁ బచ్చ యున్న లోపమదియె
పసుపు గీఁత యున్నఁ బట్టుకు రావయ్య
పచ్చనైన పండు పండు గాదు

ఆవకాయ:
ఎంత మంచి భావం! కానీ "సపోట" అని ఎత్తుకోగానే లఘువు (పొట్టి అక్షరం) వెంట గురువు (పొడుగు అక్షరం) పడింది, పాదం మొదట ఉండాల్సిన సూర్యగణం (గురువు వెంట లఘువు, లేదా మూడు లఘువులు) ఎక్కడిది? ఇలా మారిస్తే:
ఈ సపోట తొక్క నించుక గీరుము

గట్టుమీదిగాలి:
ఒక్క "ఈ" తగిలిస్తే "ఈస, పోట" అని సర్దుకుందే! ధన్యవాదాలమ్మా, అలాగే మార్చుకుంటాను. ఇది మా నాన్న నేర్పిన పద్ధతి. గోటితో గీరితే ఆకుపచ్చ కనిపించిందంటే కాయ ముదరలేదు, బియ్యంలో వారం పెట్టినా వగరు పోదు. పసుపు గీత కనిపిస్తే మూడు రోజుల్లో మెత్తబడుతుంది.

తుమ్మెద:
బండి అతను ఊరుకుంటాడా?

గట్టుమీదిగాలి:
గీరిన కాయ ముందు నా సంచిలో వేసుకుంటాను, అప్పుడు ఏమీ అనడు.

ఓరుగల్లు:
ద్రాక్ష గుత్తి మీఁదఁ దళతళ లెందుకు
తెల్ల బూది యున్నఁ దెచ్చికొనుము
పసిఁడి ఛాయ తిరుగు పండులోఁ దీపన్న
పచ్చనైన పండు పండు గాదు

ఆవకాయ:
"తెల్ల బూది" మంచి మాట. అది మందు అనుకుని మా ఇంట్లో ఆ గుత్తుల్నే పక్కన పెట్టేవాళ్ళం. అది కాయ తనకు తాను కట్టుకునే మైనపు పూత. ఎక్కువ చేతులు పడితే చెరిగిపోతుంది, ఉందంటే గుత్తి తాజాదని. కోసిన తర్వాత ద్రాక్ష ఇక తియ్యబడదు కాబట్టి పసిఁడి ఛాయ దుకాణంలోనే చూసుకోవాలి.

తుమ్మెద:
భావానికి నమస్కారం. కానీ "తీపన్న"లో ఆ "అన్న" ఎవరు మాస్టారూ? గణం నింపడానికి వచ్చిన అన్నలా ఉన్నాడు. నా పద్యాల్లో ఇలాంటివాళ్ళని మీరే ఏరిపారేసేవారు. "పండులోనే తీపి" అంటే గణాలూ సరిపోతాయి, మాటకి బలమూ వస్తుంది.

ఓరుగల్లు:
"పండులో, నేతీపి". సరిపోయింది. నా పాదం కంటే ఇదే బాగుంది, మార్చేశాను. మీ జామ పాదం మీద మాత్రం నా మాట అదే.

తుమ్మెద:
జామ తీసేస్తున్నాను లెండి. సాయంత్రం రైతుబజారుకి వెళ్తున్నాను. పుచ్చకాయ నేలకానిన చోట మచ్చ తెల్లగా ఉందో, వెన్న రంగుకి తిరిగిందో చూసి, ఆ మచ్చతోనే కొత్త పాదం కట్టుకొస్తాను.