యుగోస్లావియా రాజు రెండో పీటర్ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పగలరా?

అందరికీ నమస్కారం. యుగోస్లావియా చివరి రాజు రెండో పీటర్ గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. 1934లో తండ్రిని ఫ్రాన్స్‌లోని మార్సేలో కాల్చి చంపేనాటికి అతనికి 11 ఏళ్లు. 1941 మార్చి 27న సైనికాధికారులు తిరుగుబాటు చేసి, అప్పటిదాకా అతని పేరిట పాలిస్తున్న రాజప్రతినిధులను తప్పించి, 17 ఏళ్ల కుర్రాడి చేతిలో రాజ్యం పెట్టారు. రేడియోలో రాజు ప్రకటన అంటూ వినిపించింది కూడా అతని గొంతు కాదు, ఒక అధికారిది! పది రోజులకే జర్మన్లు బెల్‌గ్రేడ్ మీద బాంబులు వేశారు. గ్రీస్, జెరూసలేం, కైరోల మీదుగా లండన్ చేరినవాడు బతికుండగా మళ్లీ సొంతగడ్డ చూడలేదు. మన దగ్గరైతే ఇంటర్ చదివే వయసు. తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

నా సందేహం ఒకటే. రాజు పక్షాన ఉన్న గెరిల్లాల నాయకుడు మిహాయిలోవిచ్‌ని తన యుద్ధమంత్రిగా పెట్టుకున్న పీటరే, 1944 సెప్టెంబర్ 12న బీబీసీలో మాట్లాడుతూ అందరూ మిహాయిలోవిచ్ ప్రత్యర్థి, కమ్యూనిస్టు నాయకుడు టిటో సైన్యంలో చేరాలని పిలుపునిచ్చాడు. వెనక చర్చిల్ ఒత్తిడి ఉందని తెలుసు. కానీ అప్పుడే 21 నిండిన ఆ మనిషికి నిజంగా ఇంకో దారి ఉందా? కాదంటే ఏమయ్యేది? అప్పటి ఉత్తరాలు, డైరీల ఆధారంగా రాసిన మంచి పుస్తకం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. తెలుగులో ఉంటే మరీ సంతోషం, ఇంగ్లిష్ అయినా ఫర్వాలేదు.