నీళ్లలో మునిగే లిగ్నమ్ వైటే కర్ర: మీ అనుభవాలు చెప్పండి

సాగరతీరం (విశాఖ): నాన్నగారు ఓడల మరమ్మతు పనిలో ఉండేవారు. మొన్న ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే జానెడు కర్ర ముక్క దొరికింది. ముదురు ఆకుపచ్చ రంగు, పట్టుకుంటే మైనం రాసినట్టు నున్నగా ఉంది. బకెట్లో వేస్తే నేరుగా అడుక్కి పోయింది. ‘లిగ్నమ్’ అనేవారని అమ్మ చెప్పింది. దీన్ని ఏం చేసుకోవచ్చు? పారేయడానికి మనసొప్పట్లేదు.

ఇంజన్‌రూమ్: పారేయకండి సార్! అది ఓడ ప్రొపెల్లర్ షాఫ్టు కింద వేసిన బేరింగ్ పలక అయ్యుంటుంది. ఆ చేవలో జిగురు బాగా ఎక్కువ, దానికి సముద్రపు నీరు తోడైతే చాలు, వేరే నూనె అక్కర్లేదు. అడుగు పలకల్ని కర్ర కొస షాఫ్టుకు తగిలేలా నిలబెట్టి బిగించేవాళ్లు, అరుగుదల తక్కువని. తర్వాత రబ్బరు, ప్లాస్టిక్ బేరింగులొచ్చాయి. జల విద్యుత్ టర్బైన్లలోనూ ఇదే కర్ర వాడారు. నేను ఓడెక్కిన కొత్తలో మా చీఫ్ ఇంజనీరు ఒక పాత పలక చేతికిచ్చి వాసన చూడమన్నారు. వేడెక్కితే మసాలా దినుసుల్లాంటి ఘాటు!

ఒక్క జాగ్రత్త: ఏళ్లపాటు నీళ్లలో నానిన కర్ర ఒక్కసారిగా ఆరితే పగుళ్లిస్తుంది. రెండు కొసలకీ మైనం పట్టించండి.

లేత్ పిచ్చి (డల్లాస్): ఘనసెంటీమీటరుకు 1.2 గ్రాముల దాకా తూగుతుంది, టేకుకు రెట్టింపుకి దగ్గర. నారలు అటూ ఇటూ అల్లుకుని ఉంటాయి కాబట్టి చిత్రిక పట్టొద్దు, లేత్ మీదే తిప్పండి. ఉలి తరచూ సాన పట్టాలి, మాస్కు తప్పనిసరి. అతికించాలంటే ముందు అసిటోన్‌తో తుడిచి ఎపాక్సీ వాడండి. మామూలు జిగురు నిలవదు, నావి రెండు ఊడిపోయాయి. కొత్తది కొనేవాళ్లు అడిగి కొనండి. నాకు ఒకాయన ఇదేనని చెప్పి దక్షిణ అమెరికా వెరావుడ్ ఇచ్చాడు. అదీ మంచి కర్రే, కానీ ఇది కాదు. అసలుది కరేబియన్ ప్రాంతపు చెట్టు, దాని పువ్వు జమైకా జాతీయ పుష్పం. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, నరికి నరికి తరిగిపోయింది. అందుకే సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో పెట్టారు, అనుమతి పత్రాలు లేకుండా దేశాలు దాటించకూడదు. పాత ముక్క దొరకడమంటే అదృష్టమే.

ల్యాబ్‌టెక్ (హైదరాబాద్): ఈ చెట్టు జిగురే మా గ్వాయాక్ పరీక్షలో ఉంటుంది. మలంలో కంటికి కనబడని రక్తం ఉంటే, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయగానే కార్డు నీలంగా మారుతుంది. రోజూ వాడుతున్నా దాని వెనక ఇంత గట్టి చెట్టుందని ఈ చర్చ చదివాకే తెలిసింది.

గడియారాల గూడు: ఇంగ్లండు గడియారాల నిపుణుడు జాన్ హారిసన్ 1722 ప్రాంతంలో అక్కడి బ్రాక్లెస్బీ పార్కులో కట్టిన గడియారానికి నూనె అవసరం లేకపోవడం ఈ కర్ర చలవే.

సాగరతీరం (విశాఖ): అందరికీ నమస్కారాలు. నిన్న లేత్ ఉన్న వడ్రంగి దగ్గరకు తీసుకెళ్లాను. పైపొర లేవగానే లోపల పసుపు కలిసిన గోధుమరంగు కనబడింది, ఎండ తగిలితే ఆకుపచ్చగా మారుతుందట. నాన్నగారి ఉలులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి, వాటికోసం కొయ్య సుత్తి చేయించాను. పిడికి తుమ్మ కర్ర వేశాం. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు వాసన చూసింది.