సహజీవనమా, ఇల్లరికమా?

ఒక సైన్స్ వ్యాసం తెలుగులో రాస్తూ ‘సింబయాసిస్’ (రెండు రకాల జీవులు కలిసి బతకడం) దగ్గర ఆగిపోయానండీ. మేం చదువుకున్న పుస్తకాల్లో సహజీవనం అనేవారు. ఇప్పుడా మాట రాస్తే మా అమ్మాయి నవ్వుతోంది, పెళ్లి కాకుండా కలిసుండేవాళ్ల గురించి అనుకుని. నేను రాసేది మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగు ఒంట్లో ఉండే బుక్నెరా అనే బాక్టీరియా గురించి. ఏ మాట వాడను?

*

ముందు పేనుబంక అని పేరు పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి. మా పెరటి చిక్కుడు లేత కొసల్ని పట్టుకుంటే వేళ్లకి జిగురు అంటుకుంటుంది, చీమలు బారులు తీరేది దానికే. మొక్క రసంలో చక్కెర బోలెడు, పురుగు ఒంట్లో ప్రోటీన్ల తయారీకి కావలసిన అమైనో ఆమ్లాలు బహు తక్కువ. అందుకని తెగ తాగి, మిగిలిన తీపిని బంకగా వదిలేస్తుంది. లోటుపడిన అమైనో ఆమ్లాలు వండిపెట్టేది లోపలున్న బుక్నెరా. యాంటీబయాటిక్‌తో దాన్ని చంపేస్తే పురుగు గిడసబారి, పిల్లల్ని కనలేకపోతుంది.

నన్నడిగితే ఇది ఇల్లరికం. పుట్టింట్లో ఈ అల్లుడు మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాకి దాయాది. ఈ.కోలై జన్యు రాత సుమారు 46 లక్షల అక్షరాలు. 2000లో బుక్నెరా రాత మొత్తం చదివితే 6.4 లక్షలే తేలింది! అన్నీ అత్తారింట్లో అమరుతుంటే సొంత ఆస్తి ఎందుకని ఒక్కో జన్యువే జారిపోయింది. అమైనో ఆమ్లాల వంట మాత్రం మరచిపోలేదు. ఆ పని కోసమే కదా ఉంచుకున్నది.

*

పోలిక బాగుంది గానీ, ఇల్లరికపు అల్లుడు అలిగితే సొంతూరు పోతాడు. బుక్నెరా బయట బతకలేదు. పైగా పురుగు తల్లి కడుపులోనే పిండానికి చేరుతుంది. అంటే ప్రతి కూతురూ అల్లుడితో సహా పుట్టినట్టే. ఇదేం వరసండీ?

*

నిజమే, అక్కడ నా పోలిక కుంటుతుంది. వ్యాసంలో ‘అంతర సహజీవి’ అనే రాయండి, ‘అంతర’ ఉంటే మీ అమ్మాయి నవ్వదు. ఇల్లరికం శీర్షికలో ఒక్కసారి వాడుకోండి చాలు.

*

సరే. ఇంకో సంగతి కూడా ఉంది. దేవదారు జాతి చెట్ల మీది ఒక పేనుబంకలో బుక్నెరాతో పాటు సెర్రేషియా అనే ఇంకో బాక్టీరియా కూడా కాపురముంటోంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తయారీలో మొదటి అంచె బుక్నెరాది, తక్కినవి సెర్రేషియావి. వాటిని తోడల్లుళ్లు అని రాసేస్తున్నా, ఎవరేమనుకున్నా సరే.