స్ప్రింగ్ బ్రేక్‌కి ఒరెగాన్ కోస్ట్, అత్తమామలతో: ఎక్కడ ఉండాలి? (ఇంకా ఆపిల్ పాన్‌కేక్ డౌట్)

బీవర్టన్_కోడలు

అందరికీ నమస్తే అండి. మాది అమెరికాలో ఒరెగాన్, పోర్ట్‌లాండ్ పక్కనే బీవర్టన్. మార్చి ఆఖరి వారం పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్. మా అత్తయ్య, మావయ్యగారు బాపట్ల నుంచి వచ్చి ఉన్నారు, వచ్చిన దగ్గర్నుంచి వాన, చలి, ఇల్లు, ఇంతే, పాపం సరిగ్గా బయటికి తీసుకెళ్లిందే లేదు, అందుకని రెండు రాత్రులు కోస్ట్‌లో ఉండి వద్దాం అనుకుంటున్నాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. మావయ్యగారేమో సూర్యలంక బీచ్‌లో మునిగి తేలిన మనిషి, "సముద్రం దాకా వెళ్లి స్నానం చెయ్యకుండా ఎవరైనా వస్తారా" అని ఇప్పటికే తువ్వాళ్లు సర్దేసుకున్నారు, నేనింకా నోరు విప్పలేదు. పెద్దాడికి తొమ్మిదేళ్లు, వాడికి వేల్స్ (తిమింగలాలు) కనబడాలి. చిన్నదానికి నాలుగు, దానికి ఇసుక ఉంటే చాలు.

మా ఆయన ప్లాన్ ఏంటంటే మొదటిరోజు ఆస్టోరియా, సీసైడ్, కెనన్ బీచ్, టిల్లమూక్, రెండోరోజు లింకన్ సిటీ, డిపో బే, న్యూపోర్ట్, టైం ఉంటే ఫ్లోరెన్స్ కూడా అంట. నాకు వింటేనే కళ్లు తిరుగుతున్నాయి. ఒక్క చోట ఉండాలంటే ఎక్కడ ఉండమంటారు?

రెండోది వంట సంగతి. కిచెన్ ఉన్న రెంటలే తీసుకుంటున్నాం. పెద్దాడు ఒరిజినల్ పాన్‌కేక్ హౌస్‌లో ఆపిల్ పాన్‌కేక్ తిన్నాడు, ఓవెన్‌లో పెట్టి ఇంత లావున ఇస్తారే అది, అప్పట్నుంచి ఒకటే గోల, సముద్రం చూస్తూ తినాలంట వీడికి. అది ఇంట్లో వస్తుందా? అత్తయ్య గుడ్డు ముట్టుకోరు, ఆవిడకి వేరే ఏం చెయ్యాలి? కొంచెం చెప్పండి ప్లీజ్.

గొడుగులేని_మనిషి

ముందు మీవారికి చెప్పండి, ఆస్టోరియా నుంచి ఫ్లోరెన్స్ అంటే హైవే 101 మీద 180 మైళ్ల పైమాటే, అదీ వంకర్ల రోడ్డు, మధ్యలో ప్రతి ఊళ్లో స్పీడు తగ్గించాలి. పెద్దవాళ్లనీ నాలుగేళ్ల పిల్లనీ వెనక సీట్లో కూర్చోబెట్టి అలా తిప్పితే వాళ్లు చూసేది సముద్రం కాదు, ముందు సీటు వెనక భాగం. ఒక్క చోటే దిగండి.

నా ఓటు సీసైడ్‌కి. బీవర్టన్ నుంచి హైవే 26 ఎక్కితే గంటన్నరలో ఉంటారు. కెనన్ బీచ్ అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ స్ప్రింగ్ బ్రేక్‌లో అక్కడ రూం రేట్లూ పార్కింగూ చూస్తే ఏడుపొస్తుంది, పైగా సీసైడ్ నుంచి పావుగంట కూడా లేదు, పొద్దున్నే వెళ్లి వచ్చెయ్యొచ్చు. సీసైడ్‌లో ప్రామ్ అని సముద్రం పక్కనే కాంక్రీటు నడక దారి ఉంది, 1920ల్లో కట్టింది, మైలున్నర పొడవు, చదునుగా ఉంటుంది, ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. మీ అత్తయ్యగారికి ఇంతకన్నా మంచిది ఈ కోస్ట్‌లో నాకు తెలిసి లేదు. కాసేపు నడవడం, బెంచీ మీద కూర్చోవడం, మళ్లీ నడవడం. ఆ ప్రామ్ మీదే 1937 నాటి చిన్న అక్వేరియం ఉంది, పిల్లలు సీల్స్‌కి చేపలు వెయ్యొచ్చు, చిన్నది గంటసేపు అక్కడే ఉంటుంది చూడండి.

కెనన్ బీచ్‌కి ఎప్పుడు వెళ్లాలన్నది గడియారం చూసి కాదు, టైడ్ టేబుల్ (సముద్రం పోటు, పాటు టైములు) చూసి డిసైడ్ చెయ్యండి. లో టైడ్‌కి ఒక గంట ముందు హేస్టాక్ రాక్ దగ్గరుండాలి. 235 అడుగుల రాయి అది, నీళ్లు వెనక్కి పోయాక దాని మొదట్లో గుంటల్లో స్టార్ ఫిష్‌లు, పువ్వుల్లా ఉండే పచ్చటి ఎనిమోన్లు (సముద్ర జీవులు) కనబడతాయి. లో టైడ్ టైంలో వాలంటీర్లు టెలిస్కోపులు పెట్టుకుని నిలబడతారు, మీవాడిని తీసుకెళ్లి ఎన్ని ప్రశ్నలైనా అడగమనండి, విసుక్కోరు. పఫిన్ పక్షులు మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో రావడం మొదలవుతుంది కాబట్టి వాటి మీద మాత్రం మరీ ఆశలు పెట్టించకండి. రాయి ఎక్కనివ్వకండి, అది రక్షిత ప్రాంతం.

ఇక మావయ్యగారి స్నానం. అయ్యో. ఇక్కడ నీళ్లు ఎండాకాలంలో కూడా 50 ఫారెన్‌హీట్ దగ్గర్లోనే ఉంటాయండి, అంటే 10 డిగ్రీల సెల్సియస్. సూర్యలంక మనిషికి ముందే చెప్పండి. అంతకన్నా ముఖ్యం స్నీకర్ వేవ్స్. చాలాసేపు మామూలు అలలే వస్తూ ఉండి ఉన్నట్టుండి ఒక పెద్ద అల చాలా లోపలి దాకా కొట్టుకొచ్చేస్తుంది. బీచ్ మీద పడుండే పెద్ద పెద్ద దుంగలున్నాయే, వాటి మీద పిల్లల్ని అస్సలు కూర్చోబెట్టకండి, కాసిని నీళ్లొస్తే చాలు దుంగ దొర్లి మనిషి మీద పడుతుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగడం కూడా వద్దు. మనవాళ్లందరం చేసేది అదే.

తిమింగలం_ఫ్యాన్

పైన ఆయన చెప్పింది అంతా కరెక్టే కానీ పిల్లాడు అడిగింది వేల్స్ కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

వేల్స్ కావాలంటే డిపో బే. మీరు వెళ్లేదే సరైన టైం. గ్రే వేల్స్ చలికాలంలో మెక్సికో వైపు బాహా కాలిఫోర్నియా దగ్గర పిల్లల్ని కని, వసంతంలో అలాస్కా వైపు వెళ్తాయి, రానూపోనూ 10,000 మైళ్ల పైనే. మార్చి చివర్లో ఒరెగాన్ ముందు నుంచి పోతుంటాయి, అందుకే స్టేట్ పార్క్స్ వాళ్లు స్ప్రింగ్ వేల్ వాచ్ కూడా ఆ రోజుల్లోనే పెడతారు. పిల్లల్ని వెంటేసుకున్న తల్లులు మాత్రం ఇంకొంచెం ఆలస్యంగా, ఏప్రిల్ ఆఖరు నుంచి వస్తాయి, అవి ఒడ్డుకి దగ్గరగా పోతాయి. డిపో బేలో హైవే పక్కనే సముద్రం గోడ, దాన్ని ఆనుకునే వేల్ వాచింగ్ సెంటర్. కారు దిగి పది అడుగులేస్తే సముద్రం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇంకేం కావాలి?

బాబుకి ఒకటి నేర్పించండి, తోక కోసం చూడొద్దు, ఊపిరి కోసం చూడాలి. నీటి మీద తెల్లగా పొగలా లేస్తుంది. ఒకసారి కనబడితే అక్కడే చూస్తూ ఉండమనండి, మామూలుగా మూడు నుంచి అయిదు సార్లు ఊపిరి వదిలి, ఆ తర్వాత మూడు నుంచి అయిదు నిమిషాలు లోపలికి పోతుంది, మళ్లీ ఇంకాస్త ఉత్తరంగా తేలుతుంది. గాలి లేని మబ్బు రోజైతే బాగా కనబడుతుంది, ఎండ రోజు నీళ్లు మెరిసి ఏం తెలీదు. బైనాక్యులర్స్ తప్పనిసరి. అక్కణ్ణుంచి అరగంటలోపే న్యూపోర్ట్, బేఫ్రంట్‌లో డాక్ మీద సీ లయన్స్ పడుకుని అరుస్తుంటాయి, టికెట్ లేదు ఏం లేదు. కంపు మాత్రం ఫ్రీ కంటే ఎక్కువే. యాక్వినా హెడ్ లైట్‌హౌస్ 93 అడుగులు, ఒరెగాన్‌లో అన్నిటికన్నా ఎత్తు, బయట నుంచి చూపించండి చాలు, కింద రాళ్ల బీచ్‌కి చాలా మెట్లున్నాయి, అత్తయ్యగారిని దింపొద్దు.

బీవర్టన్ నుంచి రెండు గంటల పైన పడుతుంది, నిజమే. కానీ తొమ్మిదేళ్ల పిల్లాడు పెద్దయ్యాక కాంక్రీటు దారి గుర్తుపెట్టుకోడు కదా సార్.

గొడుగులేని_మనిషి

@తిమింగలం_ఫ్యాన్ కాంక్రీటు దారి వాడికి కాదు సార్, వాళ్ల నాయనమ్మకి 😀 అయినా వేల్స్ సీసైడ్ నుంచి కూడా చూడొచ్చు, దక్షిణంగా కొంచెం దూరం వెళ్తే నియాకానీ కొండ మీద హైవే వ్యూ పాయింట్లు ఉన్నాయి, కారు పక్కనే ఆపొచ్చు. డిపో బే గోడ దగ్గర నిలబడి చూసినంత సుఖం ఉండదు, ఒప్పుకుంటా.

పెనం_పార్వతి

మీరిద్దరూ కొట్టుకోండి, నేను పాన్‌కేక్ సంగతి చూస్తా.

కోడలు గారూ, మీ అబ్బాయి తిన్నది మామూలు పాన్‌కేక్‌లో ఆపిల్ ముక్కలు వేసింది కాదు. జర్మన్ టైపు, ఓవెన్‌లో పొంగేది. ఆ రెస్టారెంట్ పుట్టిందే మన పోర్ట్‌లాండ్‌లో, 1953లో. ఇంట్లో హాయిగా వస్తుంది. అందులో బేకింగ్ పౌడర్ ఉండదు, గుడ్డూ పాలలో తడీ వేడికి ఆవిరై పైకి తంతుంది, అంతే కిటుకు. అందుకే ఓవెన్ బాగా కాలాలి, 425 ఫారెన్‌హీట్.

10 అంగుళాల కాస్ట్ ఐరన్ పెనానికి కొలత ఇది. మూడు గుడ్లు, అరకప్పు పాలు, అరకప్పు మైదా, చిటికెడు ఉప్పు, కాస్త వనిల్లా, బ్లెండర్‌లో తిప్పి ఒక పావుగంట పక్కన పెట్టండి. గుడ్లు, పాలు ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయటుంచినవే వాడండి. రెండు గ్రానీ స్మిత్ (ఆకుపచ్చవి) ఆపిల్స్ చెక్కు తీసి పల్చగా కోసి, పెనంలో మూడు టేబుల్ స్పూన్ల బటర్, మూడు టేబుల్ స్పూన్ల బ్రౌన్ షుగర్, టీస్పూన్ దాల్చిన చెక్క పొడి వేసి అయిదు నిమిషాలు మగ్గించండి, మరీ గుజ్జు చెయ్యొద్దు. పెనం సలసలమంటుండగానే పిండి మీద పోసి ఓవెన్‌లోకి. 18 నుంచి 20 నిమిషాలు. మధ్యలో తలుపు తీసి చూశారో, అయిపోయింది. బయటికి తియ్యగానే కొండలా ఉంటుంది, రెండు నిమిషాల్లో కూలబడుతుంది, కంగారు పడకండి, దాని లక్షణమే అంత. అందుకని మీవాడిని ముందే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. పైన నిమ్మరసం పిండి, పొడి చక్కెర చల్లండి. పెనం పిడి కాలుతూ ఉంటుంది, దాని మీద గుడ్డ కప్పి పెట్టండి, చిన్నపిల్ల ఉందన్నారు కదా.

ఆపిల్ గురించి ఒక మాట. మార్చిలో కొనే అమెరికా ఆపిల్ అంతకుముందు శరదృతువులో కోసిందే, చల్లటి గదుల్లో ఆక్సిజన్ తగ్గించి నిలవ ఉంచుతారు. అందుకే కొన్ని రకాలు అప్పటికి పిండి పిండిగా ఉంటాయి. గ్రానీ స్మిత్ పులుపూ గట్టిదనమూ ఉంటుంది, ఉడికినా ముక్క ముక్కగానే ఉంటుంది. హనీక్రిస్ప్ వాడితే షుగర్ ఒక స్పూను తగ్గించండి. రెడ్ డెలీషస్ జోలికే పోవద్దు.

అత్తయ్యగారికి వేరే పిండి కలపండి, గుడ్డు లేకుండా పైది రాదు, ట్రై కూడా చెయ్యొద్దు. కప్పు మైదా (సగం గోధుమ పిండి అయినా ఓకే), టేబుల్ స్పూన్ పంచదార, టీస్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ బేకింగ్ సోడా, ఉప్పు, కప్పు చిక్కటి పుల్ల మజ్జిగ, రెండు స్పూన్లు కరిగించిన వెన్న. మజ్జిగ పులుపు సోడాకి తగిలి బుడగలొస్తాయి, ఆ బుడగలే గుడ్డు పని చేస్తాయి. ఒక ఆపిల్ తురిమి ఆఖర్లో కలపండి, ముందే కలిపితే నీరొదిలి పిండి జారైపోతుంది. దాల్చిన చెక్క బదులు యాలకుల పొడి వేస్తే ఆవిడకి నచ్చుతుంది. దిబ్బరొట్టెకి పెట్టినట్టే సన్న సెగ, పైన మూత. ఆవిడ పెనం, గరిటె వేరేగా పెట్టుకోండి, లేకపోతే అడగకుండానే తినడం మానేస్తారు.

ఉప్పాడ_అల్లుడు

పార్వతి గారు చెప్పని పాయింట్: రెంటల్స్‌లో కాస్ట్ ఐరన్ ఉంటుందని నమ్ముకోవద్దు, ఉండేది ప్లాస్టిక్ పిడి నాన్‌స్టిక్, అది 425లో పెట్టారంటే అంతే సంగతులు. మీ పెనం డిక్కీలో వేసుకోండి, లేదంటే రేకు కేక్ టిన్ను పట్టుకెళ్లి, ఆపిల్స్ స్టవ్ మీద మగ్గించి, టిన్నులో బటర్ వేసి ఓవెన్‌లో వేడెక్కించి అందులోకి మార్చండి. కాలిన గాజు డిష్‌లో మాత్రం చల్లటి పిండి పోయొద్దు, పగిలే ఛాన్స్ ఉంది. బుక్ చేసే ముందు ఓవెన్ ఉందా లేదా ఫొటోల్లో చూడండి, కొన్నింటికి కిచెన్ అని రాస్తారు, తీరా వెళ్తే రెండు బర్నర్లు, మైక్రోవేవ్ అంతే.

ఇంకోటి, అక్కడికెళ్లి తాలింపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది. పులిహోర ఇంట్లోనే కలిపి పట్టుకెళ్లండి. రైస్ కుక్కర్ కూడా.

సముద్ర స్నానం సంగతి, మా మామగారూ ఇదే పట్టు పట్టారు. పాదాలు తడుపుకుని, దోసెడు నీళ్లు నెత్తి మీద చల్లుకుంటే చాలు అని మా అత్తగారే తీర్పు చెప్పేశారు. మీరు చెప్తే వినరు, ఆవిడతో చెప్పించండి.

బీవర్టన్_కోడలు

అబ్బ, అందరికీ చాలా చాలా థాంక్స్! మా ఆయనకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా, 180 మైళ్లు అనగానే మ్యాప్ మూసేశారు. సీసైడ్‌కే ఫిక్స్ అయ్యాం. వేల్స్ కోసం నియాకానీ వ్యూ పాయింట్లు చూస్తాం, అక్కడ కనబడకపోతే ఏప్రిల్ ఆఖర్లో ఒక శనివారం డిపో బే వెళ్దాం అని వాడికి మాటిచ్చా, అప్పటికి తల్లీపిల్లా వేల్స్ వస్తాయన్నారుగా, వాడికి అదే ఇంకా నచ్చింది. లో టైడ్ మేం దిగే మర్నాడు పొద్దున ఎనిమిది దాటాక ఉంది, సో అది కెనన్ బీచ్, వచ్చేశాక పాన్‌కేక్. ఓవెన్ ఉందని ఓనర్‌కి మెసేజ్ పెట్టి కనుక్కున్నా, పెనం మాదే.

ఇంకొక్క డౌట్. మార్చి ఆఖర్లో హైవే 26 మీద మంచు ఉంటుందా? మాది మామూలు సెడాన్, మంచుకి టైర్లకి వేసే చెయిన్స్ లేవు.

గొడుగులేని_మనిషి

పెద్ద ఎత్తేం కాదు కానీ కోస్ట్ రేంజ్ దాటే చోట మార్చిలో కూడా ఒక్కోసారి పొద్దున్నే మంచు పడుతుంది, మధ్యాహ్నానికి పోతుంది. బయల్దేరే ముందు ట్రిప్‌చెక్ అనే ఒరెగాన్ రోడ్ల సైట్‌లో రోడ్డు కెమెరాలు చూసుకోండి, తెల్లగా కనబడితే రెండు గంటలు ఆగి పదింటికి బయల్దేరండి. గాలి కోటు అందరికీ ఒక్కోటి పెట్టండి, గొడుగులు వద్దు, ఆ గాలికి ఒక్కటీ నిలవదు.