కోవెంట్రీలో కొత్తవాణ్ణి, పాత కార్ల క్లబ్బులో చేరాలంటే?

కొర్లగుంట, తిరుపతి:
అన్నలకు నమస్కారం. ఇంగ్లండ్‌లో కోవెంట్రీకి వచ్చి రెండు నెలలైంది. మా నాయన ఇరవై ఏళ్లు తిరుమల కొండకు అంబాసిడర్ టాక్సీ తోలాడు, ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఇక్కడి క్లాసిక్ కార్ క్లబ్బులో చేరదామనుకుంటున్నా. కారు లేదు. సభ్యులకు ఎలాంటి ప్రోగ్రాములుంటాయి? పోటీలు కూడా పెడతారా?

పీలేరు:
తమ్ముడూ, ప్రోగ్రాముల సంగతి తర్వాత. అద్దె ఇంట్లో ఉన్నావా? అయితే ముందు ఇది విను. నేను వచ్చిన రెండో ఏడే ఎవరి మాటా వినకుండా 1967 మోరిస్ మైనర్ కొన్నా. ఇంటి ముందు లేత రంగు రాళ్లు పరిచి ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ రోజుకు నాలుగు చుక్కలు. చూస్తూ చూస్తూ ఆ రాళ్ల మీద వక్కాకు ఉమ్మేసినట్టు అయింది. సోడా ఉప్పు రుద్దా. ఎవరో పిల్లి ఇసుక (పెంపుడు పిల్లుల దొడ్డికి పెట్టేది) చల్లితే పీల్చేస్తుందంటే పది కిలోలు తెచ్చా. మా ఆవిడ "పిల్లి లేని ఇంట్లో పిల్లి ఇసుక ఏంది" అని ఊరికి ఫోన్ చేసి మరీ నవ్వింది. ఖాళీ చేసేటప్పుడు ఓనరు అడ్వాన్సులో 600 పౌండ్లు కోసేశాడు. ఇక్కడ ఓనరు అడ్వాన్సు డబ్బును 30 రోజుల్లోగా ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో వేయాలి, గొడవైతే ఆ స్కీము వాళ్లే తేలుస్తారు. తేల్చారు, సగం వచ్చింది. చేరిన రోజు ఫోటోలు నా దగ్గర లేవు, అందుకే సగం. కాబట్టి ఫోటోలు తీసుకో, కారు కింద ట్రే పెట్టు.

మదనపల్లె:
పీలేరు అన్న ఈ ఆయిల్ కథ చెప్పడం ఇది నాలుగోసారి. అప్పుడు 400 కోశాడన్నాడు.
తమ్ముడూ, నెలకోసారి పబ్బులో కలుస్తారు. దాన్ని నాగిన్ అంటారు, పాముకేం సంబంధం లేదు. కూల్‌డ్రింక్ తాగినా ఎవరూ ఏమనుకోరు. ఎండాకాలం ఆదివారాల్లో అందరూ వరసగా పల్లెల్లో తిరిగొచ్చే రన్‌లు, దారిలో ఆనవాళ్లు వెతికే ట్రెజర్ హంట్‌లు. ఏప్రిల్‌లో పాత బండ్లన్నీ రోడ్డెక్కే డ్రైవ్ ఇట్ డే, అది 1900లో జరిగిన వెయ్యి మైళ్ల కార్ల ట్రయల్ గుర్తుగా. నవంబరు మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్‌కు పోయే పరుగు ఉంది. 1905కు ముందు తయారైన బండ్లకే చోటు, అది పందెం కాదు, చేరితే చాలు. సెప్టెంబరులో గుడ్‌వుడ్ రివైవల్ అనే పాత కార్ల పందేల పండగకు పాతకాలం బట్టలేసుకుని పోతారు. నేను పంచె, నల్ల కోటు వేసుకుపోయా. 1950ల్లో మా తాత మదనపల్లె కోర్టుకు అట్లే పోయేవాడు. నాతో ఫోటోలు దిగినంతమంది అక్కడున్న జాగ్వార్‌తో కూడా దిగలేదు.
ఇక కాంకూర్. కారును మెరిపించి జడ్జీల ముందు పెట్టడం. టూత్‌బ్రష్‌తో బోల్టులు తోమి నేను రెండుసార్లు కప్పు కొట్టా.

పీలేరు:
కారును తోలాలి గానీ తోముతారా? ఆయుధపూజ నాటి బండిలాగా నిలబెట్టి చూసుకోవడమే. దానికన్నా 40 ఏళ్లు దాటిన బండి కొనుక్కో. టాక్స్ లేదు, ఎంఓటీ (ఏటా బండి కండిషన్ చూసే టెస్టు) లేదు, ఏమీ లేదు.

చంద్రగిరి:
"ఏమీ లేదు" అనొద్దన్నా, కొత్తవాడు ఇరుక్కుంటాడు. టాక్స్ సున్నాయే, కానీ ఏటా అప్లై చేసి తీరాలి. పెద్ద మార్పులు చేసిన బండికి ఎంఓటీ మినహాయింపు పోతుంది. మినహాయింపున్నా బ్రేకులు పడకపోతే తప్పు నీదే.
తమ్ముడూ, నువ్వడిగిన పోటీలకొస్తా. ఆటోటెస్ట్ అంటే మైదానంలో కోన్‌ల మధ్య ముందుకూ వెనక్కూ తిప్పడం, కోను తగిలితే పెనాల్టీ. హిల్ క్లైంబ్ అంటే కొండెక్కే పందెం, ఒక్కో కారూ విడిగా. షెల్స్‌లీ వాల్ష్‌లో 1905 నుంచీ జరుగుతోంది, నీకు మరీ దూరం కాదు. చూడు చాలు, ఖర్చు పెద్దది.
నీకు సరిపోయేది రెగ్యులారిటీ. స్పీడు పోటీ కాదు. వాళ్లిచ్చిన సగటు వేగం తప్పకుండా పోవాలి, మామూలు రోడ్డు మీద ఆ సగటు గంటకు 30 మైళ్లు మించదు. ఆలస్యమైనా, ముందొచ్చినా మార్కులు పోతాయి. టైం చూసే మనిషి ఎక్కడుంటాడో చెప్పరు. మీ నాయనకు ఇది కొత్త కాదు. అలిపిరిలో టైం కొట్టించుకుని 28 నిమిషాలకు ముందే పైకి చేరితే ఫైన్, దిగేటప్పుడు 40. గేటు కనబడకముందే బండి పక్కకు తీసి గడియారం చూస్తూ నిలబడే డ్రైవర్లను నువ్వూ చూసుంటావు.
దీనికి కారు అక్కర్లేదు. డ్రైవరు పక్కన కూర్చుని మ్యాపు చూసి దారీ టైమూ చెప్పే నావిగేటర్లు దొరక్క క్లబ్బుల్లో ఎప్పుడూ వెతుకులాటే. చలికాలం రాత్రుల్లో పన్నెండు కార్లతో చిన్న ర్యాలీలు పెడతారు, అక్కడ మొదలుపెట్టు. ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల 1:50,000 మ్యాపు, లైటున్న భూతద్దం, పెన్సిలు, అంతే. మ్యాపులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. పోటీ లైసెన్సు కావాలంటే ఆర్‌ఎస్ క్లబ్‌మన్ అనేది ఉచితం.

మదనపల్లె:
అంబాసిడర్ అభిమానివి కాబట్టి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఉన్నాయన పక్కన కూర్చో. దాన్నుంచే పుట్టింది మన బండి. డోరు తీసే చప్పుడుకే మీ నాయన గుర్తొస్తాడు.

కొర్లగుంట, తిరుపతి:
థ్యాంక్స్ అన్నలూ. మొన్న నాగిన్‌కు పోయా. ఒక పెద్దాయన వచ్చే గురువారం రాత్రి తన పక్కన కూర్చోమన్నాడు. ఒకటే టెన్షన్. కొండ బస్సులో తల దించి ఫోన్ చూసినా వాంతి వచ్చేది నాకు. మ్యాపు ఎట్ల చూసేది?

చంద్రగిరి:
కొండకు పోయేటప్పుడు మీ అమ్మ చేతిలో పెట్టేదే. నిమ్మకాయ. వాసన చూడు, మ్యాపు మీద పిండొద్దు.

పీలేరు:
ఆయన కారు ఆయిల్ కారుతుందేమో అడిగావా?