రంగంలో (బర్మాలో) నూనె బావులు ఎలా ఉండేవి? మా ముత్తాత పని గురించి

బారువ కుర్రోడు:
మాది బారువ దగ్గర పల్లె. మా ముత్తాత 1910ల్లో ఓడెక్కి రంగం పోయి, 1930లో అక్కడ తెలుగు కూలీల మీద జరిగిన అల్లర్ల తర్వాత తిరిగొచ్చేశాడట. "నూనె బావుల కంపెనీలో చేసేవాడు, సిరియంలో ఉండేవాడు" అని మామ్మ అనేది. చిన్నప్పుడు నేను మన నూతిలో చేద వేసినట్టు నూనె తోడేవారనుకున్నాను. ఆ రోజుల్లో నిజంగా బావులే తవ్వేవారా, లేక మిషన్లు ఉండేవా? మామ్మ పోయింది, అడగడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆయన తెచ్చిన రేకు పెట్టె మాత్రం ఇప్పటికీ అటక మీద ఉంది.

రాళ్ళూరప్పలూ:
మీరు చిన్నప్పుడు అనుకున్నది తప్పేం కాదండి. బర్మాలో ఐరావతి నది ఒడ్డున యెనాన్‌జౌంగ్ అనే ఊళ్ళో తరతరాలుగా చేత్తోనే బావులు తవ్వారు, వాటి మీద హక్కు 24 కుటుంబాలది. కొన్ని 250 అడుగులు కూడా దాటేవి. లోపలంతా గ్యాసు, దీపం తీసుకెళ్తే అంటుకుంటుంది. అందుకని దిగే మనిషికి ముందు కాసేపు కళ్ళకు గంతలు కట్టి ఉంచేవారు, కిందికి వెళ్ళి విప్పగానే చీకట్లో కళ్ళు కనబడాలని, ఎందుకంటే అక్కడ ఊపిరి బిగబట్టి తవ్వడానికి దొరికేది నిమిషమో రెండు నిమిషాలో, ఆ తర్వాత తాడుతో పైకి లాగేయాల్సిందే. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

1886లో బర్మా ఆయిల్ కంపెనీ వచ్చాక మిషన్లు దిగాయి. అమెరికా డ్రిల్లర్లను తెచ్చుకుని, బరువైన ఇనప ఉలిని తాడుకు కట్టి ఎత్తి పడేస్తూ రాయి పగలగొట్టేవారు. పాత హక్కుదారుల జాగాలు చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్కలో ఒక్కో బావి, పక్కవాడు లాగేలోపు మనం లాగాలని పోటీ, దాంతో డెరిక్కులు (బావి మీద నిలబెట్టే ఎత్తైన డ్రిల్లింగ్ టవర్లు) అడవిలా లేచాయి. వెతుకులాట కూడా పెరిగింది. జియలాజికల్ సర్వే తరఫున పాస్కో అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి రాతి పొరల మడతలు పరిశీలించి 1912లో పెద్ద రిపోర్టు ఇచ్చాడు. నూనె ఆ మడతల శిఖరాల దగ్గరే దొరికేది.

విశాఖ బర్మా క్యాంప్:
తమ్ముడూ, అసలు సంగతి సిరియం అన్న మాటలో ఉంది. అక్కడ బావుల్లేవు. సిరియం అంటే రంగూన్‌కి నది అవతల ఉన్న రిఫైనరీ ఊరు, ఇప్పుడు తాన్‌లిన్ అంటున్నారు. మొదట్లో నూనె నది మీద పడవల్లో దిగేది, 1909 నాటికి బావుల దగ్గర్నుంచి అక్కడిదాకా 275 మైళ్ళ పైపులైను పడింది. ఆ రిఫైనరీ పనిలో మన తెలుగువాళ్ళు చాలామంది, కూలీలను కుదిర్చే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఓడెక్కినవాళ్ళే ఎక్కువ. కాబట్టి మీ ముత్తాత బావిలోకి దిగి ఉండడని నా నమ్మకం. ఆ ముడినూనెలో మైనం ఎక్కువ, చలికి గడ్డకట్టేది. దాని నుంచే కొవ్వొత్తులు, కిరసనాయిలు. కిరసనాయిలు డబ్బాల గిరాకీ ఎంతంటే రేకు కోసమే 1920లో బర్మా ఆయిల్‌వాళ్ళు టాటాలతో కలిసి జంషెడ్‌పూర్‌లో ఓ కంపెనీ పెట్టారు. 1942లో జపాన్‌వాళ్ళు వస్తుంటే ఆ రిఫైనరీని బ్రిటిష్‌వాళ్ళే పేల్చేసి పోయారు.

రాళ్ళూరప్పలూ:
ఇంకొక్క మాట. ఈ బర్మా ఆయిల్ కంపెనీ డబ్బుతోనే పర్షియాలో (ఇప్పటి ఇరాన్‌లో) వెతుకులాట సాగి, 1908లో మస్జిదె సులేమాన్ దగ్గర నూనె పడింది. మనవాళ్ళ చెమట ఎంతదూరం పోయిందో చూడండి. ఇది స్కూల్లో ఎక్కడా చెప్పరు, అదే నా బాధ.

బారువ కుర్రోడు:
అన్నా, డబ్బాల మాట చదివి వెంటనే అటక ఎక్కాను. పెట్టె అంచులన్నీ చేత్తో మాటు వేసినవే, ఒక మూల రెండుసార్లు వేసినట్టుంది. లోపల మూతకి మసిబారిన అక్షరాలేవో ఉన్నాయి, సగం తుప్పు తినేసింది. తుడవకుండా పొద్దున వెలుతురులో ఫొటో తీసి పెడతాను, చూసి చెప్పండి.